అన్నకు ఒప్పందం, తమ్ముడికి ప్రకటన

సభ్యత్వ నమోదు కోసం మంచిర్యాల జిల్లా బొగ్గు గనుల పక్క ఊళ్లలో తిరుగుతున్నప్పుడు ఒక పత్తి రైతు మన కార్యకర్తలను నిలబెట్టి అడిగిన మాట ఇది. "మా అన్న బాయి మీద చేస్తడు. అయిదేండ్లకోసారి వాళ్లకు అగ్రిమెంటు అయితది. ధరలు పెరిగితే డీఏ పెరుగుతది. నేను ముప్పై ఏండ్ల సంది పత్తి పెడుతున్న. నాకెన్నడన్న ఎవడన్న అగ్రిమెంటు చేసిండా?" మన వాళ్ల దగ్గర వెంటనే చెప్పడానికి జవాబు లేదు. మద్దతు ధర చట్టం కావాలని, స్వామినాథన్ కమిషన్ సిఫారసు అమలు చేయాలని ఎప్పుడూ చెప్పేదే చెప్పి వచ్చారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రైతు అడిగింది ధర ఎంత కావాలని కాదు. తన అన్న విషయంలో ఎదుటివాడు కూర్చుని మాట్లాడి సంతకం పెట్టి తీరాల్సి వస్తోంది, తన విషయంలో ఎందుకు రావడం లేదని అడిగాడు. రైతు పత్రికలో కార్మికుల వేతన ఒప్పందం గురించి ఈ నెల సంపాదకీయం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

అన్న సంగతి ముందు చూద్దాం. సింగరేణి కార్మికుడి జీతం కొత్తగూడెంలోని ప్రధాన కార్యాలయంలో ఒక అధికారి నిర్ణయించేది కాదు. దేశంలోని బొగ్గు పరిశ్రమ అంతటికీ కలిపి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం అని ఒకటి ఉంటుంది. గనుల జాతీయకరణ తర్వాత మొదటి ఒప్పందం 1975 జనవరి 1 నుంచి అమలైంది. కోల్ ఇండియా, సింగరేణి యాజమాన్యాలు ఒక వైపు, కేంద్ర కార్మిక సంఘాలు మరో వైపు కూర్చునే ఉమ్మడి కమిటీ దీన్ని కుదురుస్తుంది. కార్మికులందరికీ తెలిసిన జేబీసీసీఐ అదే. పదకొండో ఒప్పందం మీద 2023 మే 20న సంతకాలయ్యాయి. అయిదేళ్ల కాలానికి, అంటే 2021 జులై 1 నుంచి 2026 జూన్ 30 దాకా. అప్పటికి కార్మికుడు తీసుకుంటున్న మూలవేతనం, డీఏ వగైరా కలిపిన మొత్తం మీద 19 శాతం కనీస పెరుగుదల, అలవెన్సుల మీద 25 శాతం.

తేదీలు ఒకసారి చూడండి. అమలు కావలసింది 2021 జులైలో, సంతకం పడింది 2023 మేలో. దాదాపు రెండేళ్లు ఆలస్యం. సంఘాలు 19 కన్నా చాలా ఎక్కువ అడిగాయి, యాజమాన్యం చాలా తక్కువతో మొదలుపెట్టింది. సమావేశం తర్వాత సమావేశం జరిగింది. ఈ లోగా కార్మికుడికి ఏమైనా పోయిందా? ఒప్పందం వెనకటి తేదీ నుంచి అమలైంది కాబట్టి బకాయి లెక్క కట్టి ఇచ్చారు. మన దగ్గర ఒక్క విషయం అడుగుతాం. వానాకాలం వడ్లకు ధర ఆలస్యంగా పెంచితే, ముందే అమ్ముకున్న రైతుకు తేడా డబ్బు ఇంటికి వచ్చిన సందర్భం ఎవరికైనా గుర్తుందా?

ఈ ఒప్పందంలో అన్నింటికన్నా మన కన్ను పడవలసింది 19 శాతం మీద కాదు, డీఏ మీద. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ పెరిగితే బొగ్గు కార్మికుడి కరువు భత్యం మూడు నెలలకోసారి దానంతట అదే సవరించబడుతుంది. పప్పు, నూనె, బస్సు చార్జీ, ఇంటి కిరాయి పెరిగాయని ప్రతిసారీ ధర్నా చేయనక్కరలేదు. ఒకసారి పోరాడి ఒప్పందంలో ఆ సూత్రం రాయించుకున్నారు, అది పనిచేస్తూ పోతుంది. డీజిల్ పెరిగింది, డీఏపీ బస్తా పెరిగింది, దున్నకం పెరిగింది, కూలి పెరిగింది. వీటితో పాటు దానంతట అదే పెరిగే అంకె రైతు జీవితంలో ఒకటైనా ఉందా? వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ లెక్క కడుతుంది, రైతు సంఘాలను పిలిచి అభిప్రాయం అడుగుతుంది. మనం మెమొరాండం ఇచ్చి, ఫొటో దిగి వస్తాం. కేంద్ర మంత్రివర్గం అంకె ప్రకటిస్తుంది. స్వామినాథన్ కమిషన్ చెప్పింది సమగ్ర వ్యయం మీద యాభై శాతం అయితే, ప్రకటించేది సొంత భూమి కౌలు విలువ, పెట్టుబడి మీద వడ్డీ కలపని ఖర్చు మీద యాభై శాతం. మనం అభిప్రాయం చెబుతాం కానీ సంతకం పెట్టం. అన్నకు వచ్చేది ఒప్పందం, తమ్ముడికి వచ్చేది ప్రకటన. ప్రకటించిన ధరకు కొనకపోతే కొననివాడి మీద దావా వేసే వీలు కూడా తమ్ముడికి లేదు.

అయితే అన్న కూర్చున్న కుర్చీ ఎవరో దయతో వేసింది కాదు. 1918లో మద్రాసు పెరంబూరులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. మన జిల్లాలు చాలావరకు అప్పటి నిజాం హైదరాబాద్ రాజ్యంలోనివే. మిల్లులో గొడవ ముదిరాక యజమానులైన బిన్నీ కంపెనీ మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. పనివాళ్లు పని ఒప్పందం ఉల్లంఘించేలా యూనియన్ నాయకులు రెచ్చగొడుతున్నారని వాదించింది. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది, నాయకుల మీద నష్టపరిహారం వేసింది. అంటే పదిమంది కలిసి కూలి పెంచమని అడగడం ఆనాటి న్యాయం దృష్టిలో కుట్ర. ఆ తీర్పు దేశమంతా కార్మికులను కదిలించింది. యూనియన్‌కు చట్టబద్ధత కావాలని ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో పట్టుబట్టారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. యూనియన్ పని చేసినందుకు కుట్ర కేసు పెట్టకుండా, వ్యాపారానికి నష్టం చేశారని దావా వేయకుండా ఆ చట్టం రిజిస్టరైన సంఘాలకు రక్షణ ఇచ్చింది. పోరాటం ముందు, చట్టం తర్వాత. ఆ వరసను ఎవరూ తిరగేసి చెప్పకూడదు.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం రెండో మెట్టు. సంఘం కోర్కెల పత్రం ఇస్తుంది. యాజమాన్యం మాట్లాడకపోతే, మాట్లాడినా తేలకపోతే, లేబర్ శాఖ రాజీ అధికారి పిలుస్తాడు. ఆయన ముందు కుదిరిన దాన్నే కార్మికులు పన్నెండు మూడు ఒప్పందం అంటారు, ఆ చట్టం సెక్షన్ సంఖ్య అది. మన రైతులు గమనించవలసిన కిటుకు ఇక్కడ ఉంది. యాజమాన్యం, ఒక సంఘం విడిగా కూర్చుని రాసుకున్న ఒప్పందం ఆ సంతకం పెట్టినవాళ్లకే వర్తిస్తుంది. రాజీ అధికారి ముందు కుదిరినది ఆ సంస్థలోని కార్మికులందరికీ వర్తిస్తుంది. సభ్యుడికీ, సభ్యుడు కానివాడికీ, రేపు కొత్తగా చేరేవాడికీ. "నువ్వు యూనియన్‌లో చేరకు, నీకు వేరే పది రూపాయలు ఎక్కువిస్తా" అని ఒక్కొక్కడిని పక్కకు లాగే ఎత్తుగడకు ఇది పెద్ద అడ్డుకట్ట. చందా కట్టకుండా ఫలితం తినేవాళ్లు కూడా దీనివల్లే తయారవుతారు, అది వేరే బాధ. ప్రతి సంఘంలోనూ ఉన్నదే, మన సంఘంలో లేదా?

గడువు తీరిన రోజే ఒప్పందం చచ్చిపోదు కూడా. కొత్తది వచ్చేదాకా, లేదా ఒక పక్షం రాతపూర్వకంగా రద్దు నోటీసు ఇచ్చి రెండు నెలలు గడిచేదాకా పాతది నడుస్తుందని ఆ చట్టం చెప్పింది. మధ్యలో యాజమాన్యం ఏకపక్షంగా పని గంటలు, భత్యాలు మార్చాలంటే ముందుగా 21 రోజుల నోటీసు ఇవ్వాలి. కోర్టులు కూడా ఒప్పందాన్ని ముక్కలు చేసి చూడొద్దన్నాయి. ఇందులో ఈ ఒక్క అంశం కార్మికుడికి నష్టం కాబట్టి మొత్తం చెల్లదు అనడానికి లేదని, ఇచ్చిపుచ్చుకున్న దాన్నంతా కలిపి తూచాలని హెర్బర్ట్‌సన్స్ కేసులో 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది రెండు వైపులా పదునున్న మాట. నిజాయితీ గల నాయకత్వం ఉంటే బేరానికి స్థిరత్వం. లేకపోతే చెడ్డ ఒప్పందాన్ని కూడా కార్మికుడు ఏళ్ల తరబడి మోయాలి.

నాయకత్వాన్ని ఎవరు తేలుస్తారు? చాలా పరిశ్రమల్లో దీనికి సరైన జవాబు ఉండదు. యాజమాన్యం తనకు అనుకూలమైన సంఘాన్ని పిలిచి కాఫీ తాగించి సంతకం చేయిస్తుంది. సింగరేణిలో ఆ పప్పులు ఉడకవు. 1998 నుంచి అక్కడ గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగుతో ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో దాదాపు నలభై వేల ఓటర్లలో 94 శాతం మంది ఓటేశారు. మొత్తం కంపెనీ స్థాయిలో ఏఐటీయూసీ గెలిచింది, కానీ పదకొండు ఏరియాల్లో ఆరు ఐఎన్‌టీయూసీకి పోయాయి. ఓట్ల తేడా రెండు వేలు. అంత తక్కువ తేడాతో గెలిచిన సంఘం గని మీదికి పోకుండా, కార్మికుడికి కనబడకుండా ఉండలేదు. రైతు సంఘాల్లో మనం అధ్యక్షులను చప్పట్లతో ఎన్నుకుంటాం. ఏ సంఘానికి ఎంత బలం ఉందో కలెక్టరుకూ తెలియదు, మనకూ తెలియదు. నాలుగు జెండాలు, నాలుగు మెమొరాండాలు. నాలుగింటినీ ఒకే ఫైల్లో పెట్టి మూస్తారు.

అన్న కథ అంతా పూలబాట అనుకుంటే పొరపాటు. అదే గనిలో అదే బురదలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు ఈ ఒప్పందానికి బయట ఉన్నాడు. 2024లో సింగరేణి తన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు వాటాగా ప్రకటించింది. ఒక్కొక్కరికి సగటున లక్షా తొంభై వేలు. అదే సందర్భంలో కాంట్రాక్టు కార్మికుడికి ఇచ్చింది అయిదు వేలు. అదీ మొదటిసారిగా. ఆ మరుసటి ఏడు అది 5,500 అయింది. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికుల కోసం హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు తమకూ ఇవ్వాలని సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో సమ్మెకు దిగారు. వీళ్లు ఎవరు? ఓపెన్‌కాస్టుకు భూములు పోగొట్టుకున్న ఊళ్ల పిల్లలు వీళ్లలో చాలామంది ఉన్నారు. భూమి ఉన్నప్పుడు మన సభ్యులు. భూమి పోయాక కాంట్రాక్టరు మనుషులు. ఒప్పందం ఎంత గట్టిదైనా దాని గీత ఎక్కడ గీశారన్నది చూడాలి. గీత లోపలివాళ్లు బయటివాళ్లను మరిచిపోతే యాజమాన్యం గీతనే లోపలికి జరుపుతుంది. పర్మినెంటు కార్మికుల సంఖ్య ఏటేటా తగ్గడం, అవుట్‌సోర్సింగ్ పెరగడం అలా జరిగిందే.

ఇప్పుడు ఆ పునాదే కదులుతోంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్, మిగతా మూడు లేబర్ కోడ్‌లతో కలిసి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఇందులో గుర్తింపు గురించి ఒక మంచి మాట ఉంది. 51 శాతం కార్మికులు సభ్యులుగా ఉన్న సంఘాన్ని బేరమాడే సంఘంగా యాజమాన్యం గుర్తించాలి. అలాంటిది లేకపోతే 20 శాతానికి తగ్గకుండా బలమున్న సంఘాలతో మండలి వేయాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ కుర్చీ వేసిన చేత్తోనే కాలు నరికారు. ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు మొదలయ్యాక సమ్మె చేయకూడదు. నోటీసు అందగానే రాజీ అధికారి చర్చలకు పిలిస్తే సమ్మె ఇంక చట్టబద్ధంగా ఎప్పుడు జరగాలి? సగం మంది కలిసి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. లేఆఫ్, తొలగింపు, మూసివేతకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన నూరు మంది ఉన్న ఫ్యాక్టరీలకు వర్తించేది, దాన్ని మూడు వందలకు పెంచారు. పని ఆపగల శక్తి లేనివాడితో బేరం ఎవరు ఆడతారు? పంటను పది రోజులు ఇంట్లో ఉంచుకోలేని రైతుతో మిల్లరు ఎలా బేరమాడతాడో మనకు తెలియనిదా?

ఇదే కేంద్రం, అదే 2020లో మనకోసం కూడా ఒక ఒప్పంద చట్టం తెచ్చింది. మూడు సాగు చట్టాల్లో ఒకటి కాంట్రాక్టు వ్యవసాయం గురించినది. కంపెనీతో తగవు వస్తే రైతు సివిల్ కోర్టుకు పోకూడదు, ఆర్డీవో దగ్గరికి పోవాలి అన్నది అందులోని ఏర్పాటు. కార్మికుడి చేతిలోని ఒప్పందాన్ని బలహీనం చేస్తూ, రైతు చేతికి బలహీనమైన ఒప్పందాన్ని ఇచ్చారు. 2020 నవంబరు 26న కార్మిక సంఘాల సార్వత్రిక సమ్మె, రైతుల చలో ఢిల్లీ ఒకే రోజు మొదలయ్యాయి. ఏడాది పోరాటం తర్వాత సాగు చట్టాలు రద్దయ్యాయి. లేబర్ కోడ్‌లు రద్దు కాలేదు. మనం గెలిచి ఇంటికి వచ్చాం, వాళ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నారు. 2025 జులై 9 సమ్మెకు మన మండలాల్లో ఎన్ని కమిటీలు కదిలాయో మనసు మీద చెయ్యి వేసుకుని చెప్పుకోవాలి.

చట్టం రద్దయినంత మాత్రాన కాంట్రాక్టు వ్యవసాయం ఆగలేదు. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనం, కరీంనగర్, వరంగల్ వైపు హైబ్రిడ్ వరి విత్తనం ఏళ్ల నుంచి ఒప్పందం మీదే పండుతున్నాయి. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. పెట్టుబడి ఇచ్చేదీ, వడ్డీ కట్టించుకునేదీ, విత్తనం ఫెయిలైందని చెప్పేదీ ఆయనే. రైతు ఎక్కడ సంతకం పెట్టాడో రైతుకే తెలియదు. 2025లో ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు మండలాల్లో మొక్కజొన్న విత్తనం వేసి నష్టపోయిన రైతులు, ఎక్కువమంది ఆదివాసులు, ఆందోళన చేసి పరిహారం సాధించారు. అభినందించవలసిందే. కానీ అది నష్టం జరిగాక వచ్చిన పరిహారం. పంట వేయకముందు రాసుకున్న షరతు వల్ల వచ్చినది కాదు.

ఆయిల్‌పామ్‌లో పరిస్థితి కొంత మెరుగు. ఆంధ్రప్రదేశ్‌లో 1993 చట్టం ప్రకారం ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి పోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. రైతు వేరే చోట అమ్ముకోలేడు. అందుకే గెల ధర కట్టే సూత్రం మీద, అందులో నూనె శాతం లెక్క మీద పశ్చిమ గోదావరి రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. తెలంగాణలో లెక్కించిన నూనె శాతమే తమకూ ఇవ్వాలన్నారు. ఎంత పెంచుతారని కాక ఎలా లెక్క కడతారని అడిగిన ఆ పోరాటం కార్మికుడు డీఏ సూత్రం రాయించుకున్న పోరాటానికి దగ్గరి చుట్టం. చెరకులో 1966 నియంత్రణ ఉత్తర్వు ఉంది. తోలిన 14 రోజుల్లో డబ్బు, లేకపోతే 15 శాతం వడ్డీ. ఆ వడ్డీ అందుకున్న రైతులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఎందుకంటే దాన్ని వసూలు చేయగల గుర్తింపు సంఘం ఫ్యాక్టరీ గేటు దగ్గర లేదు. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు కార్మికులు జీతాల కోసం ఒక టెంటులో, రైతులు చెరకు ఎక్కడ తోలాలని ఇంకో టెంటులో కూర్చున్నారు. రెండు టెంట్ల మధ్య నూరు గజాల దూరం కూడా ఉండదు. అది దాటడానికి మనకు ఎంతకాలం పట్టింది?

ఒక చేదు మాట కూడా ఇక్కడే చెప్పాలి. సమష్టి బేరం మన ఊళ్లకు కొత్త కాదు. నాట్ల కాలంలో ఆడకూలీలు పదిహేను మంది ఒక ముఠాగా కట్టి ఎకరాకు గుత్త ఇంత అని చెబుతారు. ఆ రేటుకు తక్కువైతే ఎవరూ దిగరు. ముఠా పెద్ద ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టు. చట్టం తెలియకపోయినా పన్నెండు మూడు ఒప్పందాన్ని వాళ్లు బురద మడిలో నిలబడి కుదుర్చుకుంటున్నారు. ఆ సమయంలో మనం ఏం చేస్తాం? పక్క జిల్లా నుంచి, పక్క రాష్ట్రం నుంచి ముఠాలను తెప్పిస్తాం. "కూలి రేటు ఇంతకు మించొద్దు" అని ఊరి పెద్దలతో చెప్పిస్తాం. మన ఖర్చు పెరుగుతుందన్నది నిజమే, మన పంటకు ధర లేదన్నదీ నిజమే. కానీ మిల్లరు ముందు సంఘటిత బేరం కావాలనే మనం మడిలో అదే బేరాన్ని విరగ్గొట్టే పని చేస్తే మన మాట ఎవరు నమ్ముతారు? సంఘం తరఫున ఈ సీజను నుంచి ముఠాలతో ముందే కూర్చుని గుత్త రేటు మాట్లాడుకోవాలని కొన్ని గ్రామ కమిటీలు అనుకుంటున్నాయి. మేము దాన్ని సమర్థిస్తున్నాం.

రైతుకు కార్మికుడి చట్టం ఉన్నది ఉన్నట్టు సరిపోదని మాకు తెలుసు. కార్మికుడికి ఒకే యజమాని, ఒకే గేటు. రైతు వందమందికి అమ్ముతాడు, ఒక్కోసారి ఎవరికి అమ్మాడో కూడా తెలియదు. పత్తి, మిర్చి, కూరగాయల్లో ఎదుటి కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలన్నదే పెద్ద ప్రశ్న. దానికి మద్దతు ధర చట్టమే దారి. కానీ విత్తనం, ఆయిల్‌పామ్, చెరకు, పాలు వంటి చోట్ల కొనేవాడు ఒక్కడే, పేరూ గేటూ ఉన్నవాడు. అక్కడ గుర్తింపు, రాజీ అధికారి, అందరికీ వర్తించే ఒప్పందం, ఖర్చుతో పాటు కదిలే ధర సూత్రం అడగడం సాధ్యమే. అక్కడి నుంచే మొదలుపెట్టాలని రాష్ట్ర కమిటీ నిర్ణయించింది.

ముందుగా చేయవలసిన పని చిన్నది. కంపెనీకో, ఆర్గనైజరుకో, ఫ్యాక్టరీకో ఒప్పందం మీద పండించే మన సభ్యులు తమ దగ్గరున్న కాగితాల నకళ్లు తీసి గ్రామ కమిటీకి ఇవ్వాలి. ఒప్పంద పత్రం, అడ్వాన్సు చీటీ, తూకం చీటీ, ఏది ఉంటే అది. వచ్చే నెల మండల సమావేశాల్లో వీటిని చదివి చెప్పడానికి బొగ్గు గనుల కార్మిక సంఘంలో వేతన ఒప్పందాలు చూసిన మిత్రులు వస్తామన్నారు. కాగితం లేనివాళ్లు "మా దగ్గర ఏ కాగితమూ లేదు" అని పేరు, ఊరు, పంట, ఎకరాలు రాసి ఇచ్చినా చాలు. ఆ జాబితానే మన మొదటి కోర్కెల పత్రానికి జత చేస్తాం.